1947 కంటే ముందు జరిగింది కూడా రాయండి

ఎడిటర్ గారికి,

అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో నల్లవాళ్లకి తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది గానీ, కథంతా 1947లో బ్రూక్లిన్ జట్టుతోనే మొదలైనట్టు రాసేశారు. అంతకు ఏడాది ముందే, 1946 ఏప్రిల్ 18న, మాంట్రియల్ రాయల్స్ జట్టు తరఫున కింది స్థాయి మైనర్ లీగ్‌లో దిగి, జెర్సీ సిటీలో మొదటి మ్యాచ్‌లోనే నాలుగు హిట్లు కొట్టాడు, అందులో ఒకటి హోమ్ రన్ (మన క్రికెట్ సిక్సర్ లాంటిది). దానికి ముందు ఫ్లోరిడాలో ప్రాక్టీస్ మ్యాచ్‌కి వెళ్తే, జట్టులో నల్లవాళ్లున్నారని జాక్సన్‌విల్ వాళ్లు స్టేడియానికి తాళమే వేసేశారు!

విచిత్రం ఏంటంటే, 1953లో హాంక్ ఆరన్ అనే మరో నల్ల ఆటగాడు ఆడింది అదే ఊరి జట్టుకి. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు, అయినా తెల్ల ఆటగాళ్లతో కలిసి హోటల్లో దిగే వీల్లేదు, పక్కన కూర్చుని తినే వీల్లేదు.

పైన మేజర్ లీగ్‌లో తలుపు తెరిచారు కాబట్టి కింద అన్నీ వాటంతటవే సర్దుకున్నాయనుకుంటే పొరపాటే. దక్షిణాది మైనర్ లీగ్ అయిన సదరన్ అసోసియేషన్ సంగతే చూడండి, 1954లో అట్లాంటా తరఫున నాట్ పీపుల్స్‌ని రెండంటే రెండు మ్యాచ్‌లు ఆడించి పంపేశారు, ఆ తర్వాత 1961లో లీగ్ మూతపడేదాకా ఇంకో నల్ల ఆటగాడే లేడు. మూసుకున్నారు గానీ మారలేదు, ఏం మొండితనమో! ఈసారి పీపుల్స్ గురించి నాలుగు ముక్కలు రాయండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు