కార్లా క్వాల్‌ట్రో గారూ, 200 డాలర్లతో ఏ పేదరికం పోతుందండీ?

డెల్టా, మే 2024

కెనడా క్రీడల మంత్రి గారికి నమస్కారం. వికలాంగులకు మీ కేంద్ర ప్రభుత్వం ఇస్తానన్న నెలసరి భృతి (కెనడా డిసెబిలిటీ బెనిఫిట్) గురించే ఈ ఉత్తరం.

ఇంగ్లిష్‌లో పెట్టుకున్న అర్జీలకు 'అందింది' అన్న ముక్క తప్ప ఏమీ దక్కలేదు. అందుకే ఈసారి తెలుగులో. మీరు చదవకపోయినా వాంకూవర్ పక్కనున్న సర్రేలో, మీ నియోజకవర్గం డెల్టాలో మావాళ్లు నలుగురైనా చదువుతారు.

వికలాంగుల శాఖ ఇప్పుడు మీ దగ్గర లేదని తెలుసు. నిరుడు జులైలోనే మార్చారు. అయినా ఎవరిని అడగమంటారు? 2021లో తెచ్చిన ఈ భృతి బిల్లు ఎన్నికల్లో కొట్టుకుపోతే, మరుసటేడు సీ-22 పేరుతో మళ్లీ సభలో పెట్టింది మీరే కదా. పేదరికం తగ్గించడానికని చట్టం పేరులోనే రాసుకున్నారు.

పుట్టుకతోనే చూపు సరిగా లేకపోయినా సియోల్, బార్సిలోనా పారాలింపిక్స్‌లో ఈది పతకాలు తెచ్చారు. లాయరయ్యారు. పార్లమెంటుకు గెలిచిన తొలి పారాలింపియన్ మీరు. 2015లో మీరు మంత్రిగా ప్రమాణం చేసినప్పుడు "మన మనిషి వెళ్లిందిరా" అని మా అబ్బాయితో అన్నాను. ఆ మాట ఇప్పుడు వాడే నాకు గుర్తుచేస్తున్నాడు, ఎగతాళిగా.

ఈ ఏప్రిల్ బడ్జెట్‌లో తేలింది. నెలకు 200 డాలర్లు. అదీ గరిష్ఠంగా. అదీ 2025 జులై నుంచి. రోజుకు ఆరున్నర డాలర్లు! 2020లో గవర్నర్ జనరల్ చేత చదివించిన ప్రసంగంలో, ఆదాయం తక్కువున్న వృద్ధులకిచ్చే జీఐఎస్ భృతి తరహాలో ఇస్తామన్నారే, దాని పోలిక ఇందులో ఎక్కడుంది?

మావాడికి 26 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ. మన ప్రావిన్సు బ్రిటిష్ కొలంబియా (బీసీ) ప్రభుత్వం ఒంటరి వికలాంగుడికి నెలకిచ్చేది 1,483.50 డాలర్లు, అందులో అద్దె కింద 500. ఐదొందలకి వాంకూవర్ చుట్టుపక్కల బేస్‌మెంట్‌లో ఓ మూల కూడా రాదు. వీల్‌చైర్ బ్యాటరీ పోతే వాడు మంచం దిగలేడు. వాణ్ని చూసుకోవడానికి మా ఆవిడ ఉద్యోగం మానేసింది. మేమున్నాం కాబట్టి తింటున్నాడు. మేం పోయాక ఆ ఆరున్నర డాలర్లు వాడికి అన్నం పెడతాయా, స్నానం చేయిస్తాయా?

పైగా ఈ 200 రావాలంటే వికలాంగుల పన్ను రాయితీ సర్టిఫికెట్ ఉండాలట. పన్ను కట్టేంత ఆదాయమే లేనివాడికి పన్ను రాయితీ కాగితం! ఫారం నింపినందుకు డాక్టరుకు ఫీజు ఇచ్చుకున్నాం. ఇంకా వివరాలు కావాలని వెనక్కి వచ్చింది. వికలాంగుడని ప్రావిన్సు ఎప్పుడో ఒప్పుకుంది. నడవలేడని ఇంకెంతమంది చేత రాయించమంటారు?

ఇన్సూరెన్సు కంపెనీలు ఈ సొమ్మును వికలాంగులకు తామిచ్చే చెల్లింపుల్లోంచి కోసుకోకుండా సెనేట్ ఒక సవరణ పంపితే, మీ ప్రభుత్వమే తోసిపుచ్చింది. "మేం లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు" అనే నినాదం మీ నోటి వెంట ఎన్నిసార్లు వినలేదు! ఈ 200 అంకె మాలో ఎవరిని అడిగి వేశారో కాస్త చెప్పండి.

మొత్తం పెంచండి. ఆ సర్టిఫికెట్ షరతు తీసేయండి. 2025 దాకా ఆగమనకండి. ఇదిస్తున్నామని ప్రావిన్సులు తమ పింఛన్లో కోత పెట్టకుండా చూడండి. ఇవి మీ శాఖవి కావంటారు, తెలుసు. కానీ క్యాబినెట్‌లో కుర్చీ ఉంది కదండీ? ఆగస్టులో పారిస్ పారాలింపిక్స్ హడావుడి మొదలయ్యేలోపే ఆర్థిక మంత్రి ఫ్రీలాండ్ గారితో ఈ 200 సంగతి మాట్లాడండి. ఆవిడ ఏమన్నారో మాకు చెప్పండి.

ఇట్లు,
డెల్టా నుంచి ఓ తండ్రి
మే 2024