బుజ్జికి నాన్న ఉత్తరం

బెంగళూరు

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. అమ్మ పంపిన కందిపొడి అందిందట, సంతోషం. ఇక నీ సణుగుడు సంగతి. కొత్త నక్షత్రాలు చూపిస్తారనుకుంటే టెలిస్కోపులు తీసిన పాత చిత్రాల గుట్ట ముందు కూర్చోబెట్టారని ఫోనులో వాపోయావు. అసలు వేట ఆ గుట్టలోనే ఉందమ్మా.

ఏ నక్షత్రం ఎప్పుడు పేలుతుందో ఏ పంచాంగమూ చెప్పదు. పేలాక వెనక్కి వెళ్లి, ఆ గెలాక్సీని అంతకు ముందు ఎవరైనా, ఏ పని మీదనైనా ఫొటో తీశారా అని వెతకాల్సిందే. 2003లో ఎం74 గెలాక్సీలో సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలుడు, కనిపించింది. అంతకు కొన్ని నెలల ముందే హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన చిత్రం దొరికింది. అందులోనూ, పేలాక తీసిన చిత్రంలోనూ ఉన్న నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకుని పాతదాని మీద కొత్తదాన్ని సరిగ్గా కూర్చోబెడితే, పేలిన చోట ఓ మసక ఎర్రచుక్క! సూర్యుడికి సుమారు 8 రెట్లు బరువైన నక్షత్రమన్నారు. అయినా వెంటనే నమ్మేయలేదు. అంత దూరంలో హబుల్ చిత్రంలోని ఒక్క పిక్సెలే కొన్ని కాంతి సంవత్సరాల మేర ఉంటుంది. ఆ చుక్క ఒంటరిదో, నాలుగైదు కలిసినదో? పేలుడు వెలుగు తగ్గేదాకా ఆగి మళ్లీ చూశారు. చుక్క మాయం. 2009లో గానీ అదే పేలిందని తేల్చలేదు. ఈ ఓపికే నాకు ముచ్చటగా ఉంటుంది.

మనం తిరుపతి వెళ్తూ దాటే హొసకోటె నుంచే లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోపును ఉపగ్రహం ద్వారా నడుపుతారు కదా. అలాంటివి పేలుడు వెలుగు ఎలా తగ్గుతోందో రాత్రుల తరబడి కొలవగలవు. అంత దూరపు గెలాక్సీలో కిక్కిరిసిన చుక్కలను విడదీయడం మాత్రం కష్టం, గాలి వాటిని అలికేస్తుంది. అందుకే అంతరిక్ష టెలిస్కోపులు.

ఇంకో చిక్కుంది. ఇలా దొరికిన ఎర్రని మహాతారలు సూర్యుడికి 17 రెట్ల బరువు దాటడం లేదు. అంతకంటే పెద్దవి పేలకుండానే కృష్ణబిలాలుగా కూలుతున్నాయా, లేక తాము వెదజల్లిన ధూళినే ముసుగేసుకున్నాయా? 2025లో ఎన్‌జీసీ 1637 గెలాక్సీలో ఒకటి పేలినప్పుడు, వెబ్ అంతరిక్ష టెలిస్కోపు అంతకు ముందు పరారుణ కాంతిలో, అంటే ధూళిని చాలావరకు దాటి వచ్చే, కంటికి కనిపించని కాంతిలో, తీసిన చిత్రాల్లో ఆ నక్షత్రం దొరికింది. సూర్యుడికి దాదాపు లక్ష రెట్ల వెలుగు. కంటికి కనిపించే కాంతిని మాత్రం ధూళి 100 రెట్లకు పైగా తగ్గించేసింది! నా మొగ్గు ధూళి వైపే. ఒక్క నక్షత్రంతో తేలే గొడవ కాదులే.

దసరాకు వచ్చేటప్పుడు నీ చిత్రాల్లో ఒక జత ల్యాప్‌టాప్‌లో పట్టుకురా. వాటిని ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చోబెడతావో నాకు చూపించాలి.

నీ నాన్న