టైగర్ ఎక్కగలిగే కారు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ప్రియ మిత్రమా,

నువ్వు ఫోను పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచన. "రెండు కుక్కలు, మొక్కల నర్సరీ సరుకు, నమ్మకమైన పెద్ద కారు. ఏది కొనమంటావు?" అని అడిగావు. ఒక్క మాటలో చెప్పే జవాబు ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి. నిరుడు నాలుగు నెలలు ఇదే పని మీద తిరిగాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మా టైగర్ సంగతి నీకు తెలుసు. లాబ్రడార్, తొమ్మిదేళ్లు నిండాయి, 34 కిలోల బరువు. తుంటి కీళ్లు అరిగాయని మామునూరు పశువైద్య కళాశాలలో చూసి చెప్పారు. ఒకప్పుడు ఒక్క గెంతులో డిక్కీలోకి ఎక్కేవాడు. ఇప్పుడు ముందు కాళ్లు పైన పెట్టి, వెనక కాళ్లు లేవక, తల తిప్పి నా ముఖంలోకి చూస్తాడు. ఆ చూపు చూశాకే కారు మార్చాలనుకున్నాను. అందుకే ఇంజను, మైలేజీ అడగక ముందే టేపు తీసి, డిక్కీ అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచేవాణ్ణి. తర్వాత డిక్కీ లోపల చక్రాల గూళ్ల (వెనక టైర్ల మీద లోపలికి ఉబ్బిన భాగాల) మధ్య వెడల్పు కొలిచేవాణ్ణి. కుక్క కాళ్లు చాపుకుని పడుకునేది అక్కడే. కాగితం మీద లీటర్లు ఎన్ని రాసినా, ఆ గూళ్ల మధ్య ఇరుకైతే ఏం లాభం? రెండో వారం నుంచి టైగర్‌ను కూడా షోరూములకు తీసుకెళ్లాను. నువ్వూ నీ కుక్కలు గౌరిని, బంటిని తీసుకెళ్లు. సిగ్గుపడకు.

బొలెరో, ఇన్నోవా క్రిస్టా రెండూ నాకు ఇష్టమే. రెండింటినీ విడి చాసిస్ (కింది ఇనుప చట్రం) మీద కట్టారు. గతుకు బాటల్లో, బరువు మోయడంలో వాటికి తిరుగులేదు. కానీ ఆ చాసిస్ మూలంగానే లోపలి నేల ఎత్తుగా ఉంటుంది. టైగర్ వాటి దగ్గరకు వెళ్లి కూర్చుండిపోయాడు.

మారుతి ఈకో వ్యానును నువ్వు మెచ్చుకున్నావు. నిజమే, పక్కకు జరిగే తలుపులు, పెట్టెలాంటి చోటు, సులువైన మరమ్మతు. సరుకు ఒక్కటే అయితే నేనూ అదే కొనమనేవాణ్ణి. అయితే దాని ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, వెనక్కి చల్లగాలి పంపే గొట్టాలు లేవు. మన మే నెల ఎండలో నర్సంపేట నుంచి ఇంటికి వచ్చేసరికి డిక్కీలో ఉన్న ప్రాణి పరిస్థితి ఊహించు. కుక్కకు మనలా ఒంటి నిండా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే వేడిని వదిలించుకోవాలి. పీల్చే గాలే వేడిగా ఉంటే రొప్పినా ఉపశమనం ఉండదు. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. "ఇప్పుడే వస్తాను" అని కుక్కను కారులో వదిలి దుకాణంలోకి వెళ్లేవాళ్లను చూస్తే నాకు గుండె మండిపోతుంది. నువ్వు ఎన్నడూ ఆ పని చేయవద్దు, అద్దం కాస్త దించి ఉంచినా సరే. కారు నడుస్తున్నప్పుడు మాత్రం వెనక కూర్చున్న వాళ్లకు చల్లగాలి అందుతుందో లేదో నువ్వే వెనక కూర్చుని, చెయ్యి పెట్టి చూడు.

చివరికి మిగిలినవి మూడు వరుసల సీట్లున్న రెండు కార్లు: రెనో ట్రైబర్, మారుతి ఎర్టిగా. ట్రైబర్‌లో చివరి వరుస సీట్లు రెంటినీ పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయవచ్చు. అప్పుడు 625 లీటర్ల చోటు దొరుకుతుంది. కారు పొడవు నాలుగు మీటర్ల లోపే, ఇంజను 999 సీసీ. కాబట్టి 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 18 శాతమే. ఎర్టిగా పొడవు నాలుగు మీటర్లు దాటింది, ఇంజను కూడా పెద్దది. దాని మీద 40 శాతం. కొత్త కారే కావాలంటే ఈ తేడా చిన్నది కాదు. కానీ ట్రైబర్ ఇంజను శక్తి 72 హార్స్‌పవరే. ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు, ఏసీ, పైగా నీ మట్టి బస్తాలు ఉంటే చిన్న ఎత్తుకు కూడా గేరు తగ్గించాలి. నడిపి చూశాకే చెబుతున్నాను.

ఎర్టిగాలో చివరి సీట్లను ఊడదీయలేం, మడవాలి. మడిస్తే 550 లీటర్లు. మూడు వరుసలూ నిలబెడితే మాత్రం 209 లీటర్లే మిగులుతుంది, అందులో ఒక కుక్క కూడా సరిగ్గా పట్టదు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను బరువుకు తడబడదు. చిన్న పట్టణాల్లో కూడా మెకానిక్కులకు చేయి తిరిగిన బండి. నేను 2019 నాటి పెట్రోలు ఎర్టిగా కొన్నాను, నీకూ అదే సలహా ఇస్తాను.

పాత బండి కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకో. 2023 జూలై చివర్లో మన హనుమకొండ కాలనీలు ఎలా మునిగాయో గుర్తుందిగా? ఒక దళారీ నాకు అలా నీళ్లలో నానిన కారునే తళతళలాడించి చూపించాడు. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగున బురద గీత కనిపించింది. సీటు పట్టాలకు తుప్పు, తివాచీ కింద ముక్కిన వాసన. లేచి వచ్చేశాను. అప్పు తీరిన కాగితం, ఆర్‌సీలో బ్యాంకు పేరు తొలగించిన సంగతి కూడా చూసుకో.

ఎర్టిగా డిక్కీ అంచు కూడా టైగర్‌కు కొంచెం ఎత్తే. వడ్రంగి చేత ఐదడుగుల ప్లైవుడ్ పలక కోయించి, దాని మీద మా అమ్మ దాచిన, వరంగల్ కొత్తవాడలో నేసిన పాత దర్రీని (జంపఖానాను) బిగించాను. గోళ్లు జారకుండా పట్టు దొరుకుతుంది. మొదటి మూడు రోజులు పలకను నేల మీదే పరిచి నడిపించాను, తర్వాత ఒక ఇటుక ఎత్తు, ఆ తర్వాత రెండు. పదో రోజున టైగర్ తనంతట తాను ఎక్కి, లోపల ఒక చుట్టు తిరిగి పడుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరుకుకూ కుక్కలకూ మధ్య ఇనుప జాలీ పెట్టించు. గట్టిగా బ్రేకు వేస్తే బస్తా వచ్చి కుక్క మీద పడుతుంది. ఎండుమిర్చి మాత్రం వాటితో కలిపి వేయకు. ఒకసారి మా చేను మిర్చి ఒక్క బస్తా వేసినందుకు దారి పొడవునా టైగర్ తుమ్ముతూనే ఉన్నాడు, కళ్లు ఎర్రబడ్డాయి. పురుగుమందు డబ్బాలు అసలే వద్దు, ఖాళీవైనా సరే. మీ నర్సరీకి వాటిని వేరే బండిలో తెప్పించుకో. బరువు వేసిన రోజున టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన చీటీ మీద ఉంటుంది, అలాగే పట్టించు.

వచ్చే ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరక ముందే, గౌరిని తీసుకుని కరీంనగర్ నుంచి బయలుదేరు. పలకను గుమ్మం ముందు ఆనించి ఉంచుతాను. తను ఎక్కుతుందో లేదో చూద్దాం. నచ్చితే పలక కొలతలు రాసుకుని వెళ్లు. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు