ఇరవైకి ఆరు

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీస్సులు.

ఫోనులో అయితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను. మీ ప్రయోగంలో గంటకు 20 అరుదైన పరమాణు కేంద్రకాలు రావాలని నీ లెక్క, నాలుగు రాత్రులు మేలుకుని కూర్చుంటే వచ్చినవి గంటకు ఆరే అన్నావు. రెండూ సరిపోయేదాకా లెక్కలో లక్ష్యం మందాన్ని, అంటే పుంజం వెళ్లి గుద్దుకునే ఆ పలక మందాన్ని, మార్చి మార్చి చూస్తున్నానన్నావు. ఆ మాటకే నాకు గుబులు పుట్టింది.

ఏ కేంద్రకాలు ఎన్ని వస్తాయో లెక్కగట్టడానికి నువ్వు వాడే కంప్యూటర్ ప్రోగ్రాం లీజ్ ప్లస్ ప్లస్‌ను నేనూ దింపుకున్నాను, ఉచితమే కదా. ఆ పేరు ఫ్రాన్స్‌లో, గనీల్ ప్రయోగశాలలో ఉన్న పరికరానిది. బాగా ఒలిచిన అయాన్ల మార్గం అని అర్థం. ఎలక్ట్రాన్లు ఊడిపోయిన అయాన్‌ను ఒలిచినది అంటారని చెబితే, వెల్లుల్లి ఒలుస్తున్న మీ అమ్మ ఒకటే నవ్వు.

కాల్షియం-48 కేంద్రకాల పుంజాన్ని బెరీలియం లక్ష్యం మీద కొట్టించి ఆక్సిజన్-24 ఎన్ని వస్తాయని అడిగాను. పట్టికలో గడి నొక్కానో లేదో, అంకె వచ్చేసింది. ఒక్కో కణాన్నీ వెంటాడకుండా మొత్తం గుంపు వేగాల విస్తరణతోనే లెక్క కడుతుంది కాబట్టి అంత తొందర. అయితే మీ యంత్రంలోని మొదటి అయస్కాంతం దాటాక ఆక్సిజన్ వెంట హీలియం-6, లిథియం-9, బోరాన్-15 కూడా వచ్చి నిలబడ్డాయి. అయస్కాంతం చూసేది ద్రవ్యవేగాన్ని ఆవేశంతో భాగిస్తే వచ్చేదాన్నే. వేగం ఒకటే అయితే హీలియం బరువు ఆరును దాని ఆవేశం రెండుతో భాగించినా, ఆక్సిజన్ బరువు ఇరవైనాలుగును ఎనిమిదితో భాగించినా మూడే.

బియ్యపు గింజంత రాయిని జల్లెడ ఆపలేదు. అందుకే మీ అమ్మ నీళ్లు పోసి గాలిస్తుంది. మీ యంత్రంలో ఆ నీళ్ల పని చేసేది ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా ఉండే లోహపు రేకు. అందులో పోయే శక్తి ఆవేశం వర్గాన్ని బట్టి ఉంటుంది: ఆక్సిజన్‌కు 64 పాళ్లు పోతే లిథియంకు 9. అలా వేగాలు విడిపోయాక రెండో అయస్కాంతం వాటిని వేరుచేస్తుంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, ఇంత చక్కని ఉదాహరణ వంటింట్లో ఉందని ఇప్పుడా తెలిసింది!

ఇక నీ ఆరు సంగతి. అయస్కాంతం లెక్కా, రేకులో పోయే శక్తి లెక్కా చాలా గట్టివి. అసలు ఆ కేంద్రకం పుట్టే అవకాశం ఎంత అన్నదే మెత్తని నేల. తెలిసిన కేంద్రకాల కొలతలకు అమర్చిన సూత్రాన్ని ఎవరూ కొలవని అంచుదాకా సాగదీస్తే వచ్చే అంకె అది. అమెరికాలో నువ్వున్న ఈస్ట్ లాన్సింగ్‌లోనే 2007లో మెగ్నీషియం-40ని మొదటిసారి చూశారు. రోజుల తరబడి పుంజం నడిపితే చిక్కినవి మూడంటే మూడు.

మందం తేడాయే కారణమైతే సంఖ్య ఒక్కటే తగ్గి ఊరుకోదమ్మా. లక్ష్యంలో పోయే శక్తి మారుతుంది, గ్రాఫులో ఆ కేంద్రకాలు గుంపుగా కనిపించే శిఖరం కూడా పక్కకు జరగాలి. శిఖరం ఉన్నచోటే ఉందని నువ్వే అన్నావు.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. లోలకం ప్రయోగంలో పిల్లలు 9.8 రాసుకొస్తే నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి. ఒక కుర్రాడు మాత్రం 9.3 తెచ్చి, దారం సాగుతోంది సార్ అన్నాడు. మళ్లీ చేసుకురమ్మని పంపాను. మర్నాడు 9.8 తెచ్చాడు. ఎలా వచ్చిందని అడగలేదు. దారాన్ని కూడా చూడలేదు.

నోటుపుస్తకంలో ముందు అనుకున్న మందమే ఉంచు. 20 పక్కనే 6 రాయి. తేదీ వెయ్యి. ఆ శిఖరం బొమ్మ నాకు పంపించు. అది నాకు అర్థం కావడానికి ఎటూ ఒక పూట పడుతుంది, ఈలోగా నువ్వు నిద్రపో.

మీ నాన్న