నాన్నగారి ఆపరేషన్‌కి తోడు నిలిచిన అందరికీ

పిత్తనాళం (కాలేయం నుంచి పేగుకి పైత్యరసం తెచ్చే గొట్టం) క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యి నాన్నగారు నిన్న రాజోలు ఇంటికి చేరారు. మెత్తగా కలిపిన మజ్జిగన్నం తింటున్నారు. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాకినాడ గ్యాస్ట్రో డాక్టర్ గారికి నమస్కారం. కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురదలతో వెళ్లినప్పుడు సీఏ 19-9 అనే రక్తపరీక్ష (కొన్ని క్యాన్సర్లలో పెరిగేది) వెయ్యి దాటింది. మామూలుగా 37 లోపు ఉండాలి. రిపోర్టు బంధువుల గ్రూపులోకి రాగానే ఇంట్లో ఏడుపులు. ఆయన మాత్రం, "పిత్తనాళం మూసుకుపోతే రాయి వల్లయినా, ఇన్ఫెక్షన్ వల్లయినా ఇది పెరుగుతుందమ్మా. నాళంలో స్టెంట్ గొట్టం వేసి కామెర్లు దిగాక మళ్లీ చూద్దాం" అన్నారు. నూటికి 5 నుంచి 10 మందికి ఒంట్లో ఈ పదార్థం తయారే కాదట, వాళ్లకి క్యాన్సర్ ఉన్నా రిపోర్టు నార్మల్‌గానే వస్తుందట. అందుకే దీన్ని ఒంటరిగా నమ్మరు.

స్టెంట్ తర్వాత వందల్లోకి దిగింది కానీ నార్మల్ కాలేదు. బ్రష్‌తో తీసిన కణాల్లో ఏమీ లేదని వచ్చింది. మేం సంబరపడ్డాం, ఆయన పడలేదు. బ్రష్‌కి చాలాసార్లు క్యాన్సర్ దొరకదని చెప్పి, నాళాన్ని అచ్చం ఇలాగే ఇరుకు చేసి స్టెరాయిడ్లకి తగ్గే జబ్బేమోనని ఐజీజీ4 అనే రక్తపరీక్ష కూడా చేయించి, బయాప్సీ మళ్లీ చేయించారు. అందులో క్యాన్సరని తేలింది. ఆయన అక్కడితో వదిలేసి ఉంటే ఆపరేషన్‌కి వీలున్న సమయం దాటిపోయేదేమో.

ఖరీదైన జన్యు పరీక్ష ఇప్పుడే వద్దన్నదీ ఆయనే. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జన్యువులో మార్పు ఎక్కువగా కాలేయం లోపలి నాళాల కణితుల్లోనే కనిపిస్తుంది, దానికి పనిచేసే మాత్రలు ఆపరేషన్ కుదరనివాళ్లకి. నాన్నగారిది కాలేయం బయటిది, తీయడానికి వీలున్నది. అవసరమైతే తీసిన ముక్కలోనే తర్వాత చేయించవచ్చన్నారు. అమ్మకానికి పెడదామనుకున్న పొలం నిలిచింది.

ల్యాబ్‌లో పనిచేసే మా పిన్ని కూతురికి ప్రత్యేకంగా. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించమని పట్టుబట్టింది. ల్యాబ్‌ని బట్టి పద్ధతి, దాంతోపాటు అంకె కూడా మారతాయి, వాటిని పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనుకుంటే తప్పుదారే. ఇకపై చెకప్‌లన్నిటికీ ఇదే మాట పాటిస్తాం.

విశాఖలో ఆపరేషన్‌కి అమలాపురం నుంచి బస్సెక్కి వచ్చి రక్తమిచ్చిన కుర్రాళ్లూ, మీలో సగం మంది ముఖం కూడా నాన్నగారికి తెలీదు. పసరు పోయిద్దామన్న పెద్దలదీ ప్రేమే, కాదనను. కానీ కామెర్లతో పాటు మలం తెల్లబడితే దయచేసి ముందు స్కాన్‌కి తీసుకెళ్లండి.

మామయ్య గారూ, మేం ఆసుపత్రిలో ఉండగా కొబ్బరి దింపు మీరే తీయించారు. కూలి డబ్బులు మీ చేతివే ఇచ్చారని అమ్మ చెప్పింది. ఆదివారం వస్తున్నాం, లెక్క చెప్పండి. వద్దంటే అత్తయ్య చేతిలో పెట్టి వస్తాను.