అమ్మమ్మ దారిలో పులులు లేవు

విశాఖపట్నం,
ఆదివారం.

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. ఐజ్వాల్ చలి గురించీ, మీ మేనేజరు చాదస్తం గురించీ చదివి బాగా నవ్వుకున్నాను. చివరి పేజీలో, సరిహద్దులోని తియావ్ నది దాటి బర్మా నుంచి వచ్చి మీ వీధిలో అద్దెకు దిగిన ఆ చిన్ తెగ కుటుంబం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అక్కడ 2021 సైనిక తిరుగుబాటు తరువాత అలా మిజోరం చేరినవాళ్లు ముప్ఫై వేలకు పైమాటే అని పేపర్లో చదివాను గానీ, నువ్వు రాస్తే వేరుగా ఉంది. "మీ అమ్మమ్మ కూడా బర్మా నుంచే నడిచి వచ్చింది కదా, ఎలా వచ్చిందో రాయి" అన్నావు. కాఫీ పెట్టుకుని కూర్చో, ఇది ఒక పట్టాన తెమిలేది కాదు.

మా ఇంట్లో ఈ కథ చెప్పే హక్కు పెద్దమామయ్యది. పెళ్ళిళ్లలోనే చెబుతాడు. అక్క పెళ్ళిలో అడవిలో ఒకటే పులి ఉండేది, నా పెళ్ళి నాటికి మూడయ్యాయి. అమ్మమ్మ మాత్రం తనకు ఒక్క పులీ కనిపించలేదనీ, నీళ్లు అమ్ముకునేవాళ్లు మాత్రం దారంతా కనిపించారనీ అనేది.

అమ్మమ్మ వాళ్ల నాన్నది భీమిలి పక్క పల్లె. కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పొగఓడ ఎక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళి బియ్యం మిల్లులో కుదిరాడు. 1931 లెక్కల ప్రకారం రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. మిల్లుల్లో, రేవులో, రిక్షా లాగేవాళ్లలో మనవాళ్లు బోలెడంతమంది. బర్మావాళ్లు మనల్ని కోరంగీలనేవారు, అది ముద్దుపేరేమీ కాదు. 1930లో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన అల్లర్లలో తెలుగు కూలీలు ఎందరో చచ్చిపోయారు. ఆ మరుసటి ఏడాదే అమ్మమ్మ అక్కడ పుట్టింది. విశాఖపట్నం ఆమెకు నాన్న మాటల్లో వినిపించే ఒక ఊరు, అంతే.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. విమానాలు వస్తుంటే జనం దాక్కోవడానికి బదులు వీధుల్లో నిలబడి తలలెత్తి చూశారట, అందుకే అంతమంది పోయారు. ఓడలు, విమానాలు తెల్లవాళ్లకు, డబ్బున్నవాళ్లకు. మిల్లు కూలీకి కాళ్లే దిక్కు. పారిపోయే దారిలో కూడా తెలుపు నలుపు తేడా చూపారని 1942లో అలహాబాదులో కాంగ్రెస్ తీర్మానమే చేసింది.

వీళ్లు ప్రోమ్ అనే ఊరి దాకా వెళ్ళి, ఐరావతి నది దాటి, టౌంగప్ కనుమ ఎక్కారు. వంద మైళ్లకు పైన కొండదారి, నీటి చుక్క దొరకడమే కష్టం. వాళ్ల నాన్న వెదురు బొంగు నరికి అందులో నీళ్లు నింపి మోశాడు. దొరికిన వాగులోనే అందరూ తాగడం, కడుక్కోవడం, ఇక కలరా రాకుండా ఎలా ఉంటుంది? తమ్ముడు అక్కడే పోయాడు. అమ్మమ్మ దాని గురించి ఈ ముక్క కన్నా ఎక్కువ ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత పడవలో అక్యాబ్ రేవు, అక్కణ్ణుంచి ఓడలో చిట్టగాంగ్, ఆపైన కలకత్తా, చివరికి వాల్తేరు స్టేషను. అలా నాలుగైదు లక్షలమంది నడిచో, పడవలెక్కో ఇటు చేరారు. దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరూ సరిగా రాయలేదు.

పెద్దమామయ్య కథ వాల్తేరు స్టేషనులో అయిపోతుంది. నాకేమో అసలు కథ అక్కడ మొదలైందనిపిస్తుంది. రంగం నుంచి వచ్చేవాళ్లు బంగారం తెస్తారని ఎదురుచూసిన చుట్టాలకు తలనిండా పేలతో నలుగురు దిగబడ్డారు. నాలుగు రోజులు అన్నం పెట్టి, ఐదోరోజు నుంచి మొహాలు మాడ్చుకున్నారు. అమ్మమ్మ మాటల మధ్యలో బర్మా మాటలు దొర్లేవి. అలవాటు కొద్దీ బర్మావాళ్లలా బుగ్గలకు తనాకా అనే చెట్టు చెక్క అరగదీసి పూసుకుంటే, వీధిలో ఆడపిల్లలు వేషగత్తె వచ్చిందని వెంటపడి నవ్వారట. తొంభై దాటాక కూడా ఆ పిల్లల పేర్లు వరసగా చెప్పేది! టౌంగప్ కొండను క్షమించింది గానీ వాళ్లను క్షమించలేదు.

ఈలోగా 1942 ఏప్రిల్ 6న ఇక్కడి రేవు మీద కూడా జపానువాళ్లు బాంబులు వేశారు. బీచ్ రోడ్డులో మ్యూజియానికి వెళ్ళినప్పుడు మనం చూసిన బాంబు గుర్తుందా, ఆ దాడిదే. ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని అనకాపల్లి వైపు, విజయనగరం వైపు పరుగు. ఆ ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా గుంటూరుకు తరలిపోయింది. చుట్టాలు "మీరూ రండి" అంటే, వాళ్ల నాన్న అరుగు మీద చతికిలబడి, "ఇక నేను నడవను, చస్తే ఇక్కడే చస్తాను" అన్నాడట. పాతనగరంలో ఒక వర్తకుడు పల్లెకు పోతూ, ఇంటికి కాపలాగా ఉండమని తాళాలు వీళ్ల చేతిలో పెట్టాడు. ఊరివాళ్లు ఊరు వదిలిపోతే గానీ వీళ్లకు తల దాచుకునే చోటు దొరకలేదు. ఈ ముక్క మామయ్య ఏ పెళ్ళిలోనూ చెప్పడు. పెళ్ళిభోజనానికి వచ్చేది ఆ చుట్టాల మనవలే కదా మరి.

1962లో బర్మాలో సైన్యాధిపతి నే విన్ అధికారంలోకి వచ్చాక, దుకాణాలన్నీ ప్రభుత్వం చేతిలోకి పోయాక వచ్చినవాళ్లు ఇంకో తరం. కంచరపాలెంలో బర్మా క్యాంపు వాళ్లదే. అమ్మమ్మ అప్పుడప్పుడు అటు వెళ్ళి, ఆ భాష మాట్లాడి, మొహం వెలిగిపోయి వచ్చేదని అమ్మ చెబుతుంది.

నువ్వు మాత్రం ఆ చిన్ కుటుంబాన్ని నది ఎలా దాటారని పదేపదే అడగకు. ఇంటాయన అద్దె పెంచాడా, పిల్లను బడిలో చేర్చుకున్నారా, నీళ్ల దగ్గర ఎవరైనా ఏమైనా అంటున్నారా, అవి కనుక్కో. నువ్వు బ్యాంకులో ఉన్నావు, ఒక మాట చెబితే వినేవాళ్లు ఉంటారు.

మా వీధిలో అడిగి రగ్గులు, స్వెట్టర్లు పోగుచేశాను. మనకేమో ఇక్కడ చలి అంతంతమాత్రం, అన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. పార్శిల్ ఎవరి పేరున పంపాలో, చిన్నపిల్లల సైజులు ఏమి కావాలో వెంటనే రాయి.

నీ
సత్యం