ముందు నోట్‌ప్యాడ్ తెరవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా పర్లాకిమిడిలో వెబ్ ప్రోగ్రామింగ్ అనగానే పిల్లలు వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ అనే సాధనం కోర్సు ఫీజు ఎంతని అడుగుతున్నారు. మా అమ్మాయి చేరిన కోచింగ్ సెంటర్‌లో తొలి వారమే అది మొదలెట్టేశారు. వెబ్ పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగ్ అంటే, అంటే ఇది శీర్షిక, ఇది లింకు అని చెప్పే గుర్తు అంటే ఏమిటో చెప్పనే లేదు. కిరాణా కొట్టు లెక్కలు చూసుకునే నేనే అమ్మాయితోపాటు కూర్చుని నేర్చుకున్నాను.

మొదలుపెట్టడానికి కంప్యూటర్‌లోని నోట్‌ప్యాడ్ చాలు. రాసింది డాట్ హెచ్‌టీఎంఎల్ పేరుతో సేవ్ చేసి బ్రౌజర్‌లో తెరిస్తే పేజీ కనబడుతుంది. నెట్ అక్కర్లేదు. కరెంటు మాత్రం ఉండాలి, దాని గురించి వేరే ఉత్తరం రాస్తాను.

మేం కొట్టు ధరల పట్టిక తెలుగులోనూ ఒడియాలోనూ చేశాం. ఫైలు పైభాగంలో, అక్షరాలను ఎలా చదవాలో బ్రౌజర్‌కు చెప్పే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అన్న లైను లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. తెలుగు ముక్క ట్యాగ్‌లో భాషను చెప్పే లాంగ్ దగ్గర 'టీఈ', ఒడియా ముక్కకు 'ఓఆర్' అని రాస్తే, చూపులేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఏది ఏ భాషో తెలుస్తుంది. రెండు భాషల ఊళ్లలో ఇది మొదటి పాఠంలోనే ఉండాలి.

1991లో వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ లోకానికి చూపిన తొలి వెబ్‌సైట్‌లో పేజీకి రంగులూ అమరికా ఇచ్చే సీఎస్‌ఎస్ లేదు, రియాక్ట్‌కు ఆధారమైన ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ లేదు. జావాస్క్రిప్ట్ వచ్చిందే 1995లో. మరి మన పిల్లలకెందుకంత తొందర?

మీ విద్యా పేజీలో వారానికో పావు భాగం హెచ్‌టీఎంఎల్ పాఠాలకు ఇవ్వండి. లింకు, పట్టిక, ఫారం ముందు చెప్పించండి. ఇక్కడి బడుల్లో చదువు ఎక్కువగా ఒడియాలోనే కాబట్టి తెలుగు తేలిగ్గా ఉండేలా చూడండి.

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా